గురువారం ఉపవాసం



శ్రమల కాలపు ధ్యానాల వరుసలో ఈ వారం పేతురు కన్నీళ్ళ గురించి రాస్తానని చెప్పాను. అది వచ్చే వారానికి జరుపుతున్నాను, క్షమించండి. నెల రోజులుగా మన సంఘంలో ఒక మాట నలుగుతోంది. గుడి మెట్ల దగ్గర మొదలై వాట్సాప్ గ్రూపు దాకా వచ్చింది. ఇక కాపరి మౌనంగా ఉంటే తప్పు అనిపించి ఇది రాస్తున్నాను.

మార్చి 16 ఆదివారం. ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు. సంఘ పెద్దల్లో ఒకాయన నన్ను మామిడిచెట్టు కిందికి పిలిచి, "అయ్యగారూ, ఒక సంగతి మీ చెవిన వేయాలి" అన్నాడు. మన సంఘంలోని ఒక విధవరాలు మండల కేంద్రంలో కిరాణా కొట్టు సాయిబు గారి దగ్గర బియ్యం బస్తా, కందిపప్పు, నూనె ప్యాకెట్లు తీసుకుందట. కొట్టు వాళ్ళ ట్రాలీ ఆటో ఆమె గుమ్మం ముందు ఆగడం ఇద్దరు చూశారట.

"అది రంజాను దానం అండీ. వాళ్ళ దేవుడి పేరు మీద తీసింది. మన విశ్వాసి తినొచ్చా? రేపు ఊళ్ళో ఏమంటారు? క్రైస్తవులు తమ వాళ్ళకి తాము అన్నం పెట్టుకోలేరు అనరా?"

ఆయన మంచివాడు. మందిరం రేకులు ఎగిరిపోయిన సంవత్సరం సొంత డబ్బుతో వేయించినవాడు. ఆయన అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిది వాక్యానికి సంబంధించింది, దానికి చెట్టు కిందనే జవాబు చెప్పాను. రెండోది ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాక తగిలింది. ఊరు అలా అంటుందేమో అని కాదు. అంటే అందులో అబద్ధం ఎంత?

మొదటి ప్రశ్న సంగతి ముందు చెప్పేస్తాను, అది చిన్నది. ఆహాబు కాలంలో కరువు వచ్చినప్పుడు ఏలీయా ఎవరి పిండి తిన్నాడు? సీదోను దేశపు సారెపతులో ఉన్న ఒక విధవరాలి పిండి. ఆమె ఇశ్రాయేలీయురాలు కాదు. ప్రవక్తను ఆమె దగ్గరికి పంపింది దేవుడే. ఏ దేశపు పిండి అని ఏలీయా అడగలేదు. పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలు విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించి ఉన్నాయి. పేదరాలికి ఇచ్చిన బియ్యం బస్తాకు ఆ అధ్యాయాలు వర్తించవు. ఆ బియ్యం ఎవరికీ అర్పించినవి కావు, ఆకలికి ఇచ్చినవి.

ఆ సాయంత్రం నేను, అమ్మగారు ఆ సహోదరి ఇంటికి వెళ్ళాం. మీలో చాలామందికి ఆ ఇల్లు తెలుసు కాబట్టి పేరు రాయను. ఆమె అనుమతి అడిగే ఇదంతా రాస్తున్నాను. "పేరొద్దు, మాట రాసుకోండి" అంది. భర్త పోయాడు. కొడుకు పని వెతుక్కుంటూ వేరే జిల్లాకి వెళ్ళాడు, రేషన్ కార్డు అతని దగ్గరే ఉంది. మనవరాలిని పెట్టుకుని ఆమె మిరపకాయలు ఏరడానికి పోతుంది. 2025లో మిర్చి ధర పడిపోయింది. కోత కూలి కూడా రాదని కొందరు రైతులు రెండో ఏరుడు మానేశారు. రైతుకి ధర లేకపోతే ఏరే చేతికి పని లేదు.

నేను ఆమెను మందలించడానికి వెళ్ళలేదు. కానీ పాస్టరు గారు సాయంత్రం పూట గుమ్మంలోకి వస్తే ఎవరైనా మందలింపుకే అనుకుంటారు. ఆమె చీర కొంగు సర్దుకుని, అడగకుండానే చెప్పింది.

"నేనేం అడగలేదు అయ్యగారూ. ఆయనే పంపాడు. మీరు శుక్రవారం ఉపవాసం ఉండమన్నారు, ఉన్నాను. అంతకు ముందు గురువారం కూడా ఉన్నాను. అది మీరు చెప్పింది కాదు."

అమ్మగారు తల వంచుకుంది. నేను ప్రార్థన చేద్దాం అన్నాను. ఏం ప్రార్థన చేశానో నాకు గుర్తు లేదు.

ఆ శుక్రవారం మన ఉపవాస ప్రార్థనలో ఆమె రెండో వరుసలో కూర్చుంది. నేను యెషయా 58వ అధ్యాయం చదివించాను. దేవుడు కోరే ఉపవాసం ఏదో ఆ అధ్యాయం చెబుతుంది: కాడి విప్పడం, ఆకలిగొన్నవాడికి మన ఆహారం పంచిపెట్టడం, దిక్కులేనివారిని ఇంటికి చేర్చుకోవడం. నలభై నిమిషాలు ప్రసంగించాను. హెబ్రీ మాట ఒకటి కూడా వివరించాను. గురువారం నుంచి తిననివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగలేదు. సాయంత్రం ఉపవాసం ముగించి పులిహోర పొట్లాలు పంచాం. ఆమె తన పొట్లం తినకుండా మనవరాలికి పట్టుకెళ్ళిందని అమ్మగారు తర్వాత చెప్పింది.

మర్నాడు నేను కొట్టుకి వెళ్ళాను. మీలో చాలామంది అక్కడ సరుకులు తెచ్చుకునేవారే. మధ్యాహ్నం రెండు దాటింది, ఎండ మండిపోతోంది. భాయ్ రోజాలో ఉన్నాడు. తెల్లవారుజామున సహరీ తిన్న తర్వాత సూర్యాస్తమయం దాకా గుక్కెడు నీళ్ళు కూడా ఉండవు. ఆ ఎండలోనే ఎవరో పిల్లవాడికి కూల్ డ్రింక్ తీసి మూత విప్పి ఇస్తున్నాడు. నేను సంగతి ఎత్తగానే ఆయన ముఖం మారింది.

"ఎవరు చెప్పారు పాస్టరు గారూ మీకు? ఆటో కుర్రాడికి రాత్రి పూట దించమని చెప్పాను."

మన పెద్దాయన భయం ఆయనకి చెప్పాను, దాచలేదు. ఆయన నవ్వి, లోపలి నుంచి స్టూలు తెప్పించి కూర్చోబెట్టాడు. అప్పుడు చెప్పినవి నాకు కొత్త. నేను ఇరవై ఏళ్ళుగా ఇక్కడ సేవ చేస్తున్నాను. ఇరవై రంజానులు నా కళ్ళ ముందే వచ్చి వెళ్ళాయి. హలీం ఎక్కడ బాగుంటుందో తెలుసుకున్నాను గానీ దానం లెక్క ఎప్పుడూ అడగలేదు.

ఆమె పేర కొట్టులో బాకీ ఉంది. "ఆ బాకీ కొట్టేస్తే సరిపోయేది కదా భాయ్, బస్తా ఎందుకు?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. బాకీ కొట్టేస్తే అది జకాత్ లెక్కలోకి రాదట. అది ఎలాగూ తిరిగి రాదని తెలిసిన డబ్బు. దాన్ని దేవుడి ఖాతాలో రాసుకుంటే తన నష్టాన్ని దానంగా చూపించుకున్నట్టు. ఇచ్చేది అవతలి మనిషి చేతికి అందాలి, వాళ్ళ సొంతం కావాలి, దానితో ఏం చేసుకోవాలో వాళ్ళ ఇష్టం కావాలి. మన దేశంలో ఎక్కువమంది ముస్లింలు అనుసరించే హనఫీ పద్ధతి ఇదేనని తర్వాత తెలుసుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఈ బస్తా జకాత్ కాదు, సదఖా. జకాత్ అనేది విధిగా తీయాల్సింది, దాన్ని సాధారణంగా ముస్లిం పేదలకే ఇస్తారు. సదఖా మనసుకు తోచినది, అది ఎవరికైనా ఇవ్వొచ్చు. ఆయన రెండింటికీ వేరువేరు పద్దులు పెట్టుకున్నాడు. అంటే మన పెద్దాయన అడగకముందే సాయిబు గారు ఆ ప్రశ్న తనను తాను అడుగుకుని, జవాబు ప్రకారం పద్దు మార్చి రాశాడు.

ప్రియులారా, ఆ లెక్క కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మనలో చాలామందికి రంజాను అంటే సాయంత్రం సైరను, సేమ్యా పాయసం, అంతే.

ఒక ముస్లిం దగ్గర అప్పులూ అవసరాలూ పోను ఏడున్నర తులాల బంగారం లేదా యాభై రెండున్నర తులాల వెండి విలువకు సమానమైన ఆస్తి ఒక చాంద్రమాన సంవత్సరం పాటు ఉంటే, అందులో నలభయ్యో వంతు తీయాలి. వందకు రెండున్నర, లక్షకు రెండున్నర వేలు. ఇక్కడ తులం అంటే ఇప్పటి కంసాలి కొట్టులో చెప్పే పది గ్రాములు కాదు, పాత తులం. ఆ బంగారం గ్రాముల్లో 87.48, వెండి 612.36. జకాత్ రంజానులోనే తీయాలని నియమం లేదు, కానీ ఈ నెలలో పుణ్యం ఎక్కువని చాలామంది ఇప్పుడే లెక్క చూసుకుంటారు. అది ఎవరికి చెందుతుందో ఖురాను తొమ్మిదో అధ్యాయం ఎనిమిది రకాలుగా చెబుతుంది. అందులో బీదలు ఉన్నారు, అప్పుల్లో మునిగినవాళ్ళు ఉన్నారు, దారిలో చిక్కుకున్న ప్రయాణికులు ఉన్నారు. మన మిర్చి రైతులు ఏ వరుసలోకి వస్తారో మీరే చూసుకోండి. తల్లిదండ్రులకూ పిల్లలకూ భార్యకూ ఇచ్చి జకాత్ అనడానికి లేదు. వాళ్ళని పోషించడం ఎలాగూ నీ బాధ్యత కదా, దానికి దానమని పేరేమిటి?

ఫిత్రా వేరు. అది పండుగ దానం. ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరా తీయాలి, పండుగ తెల్లవారుజాముకు ముందు పుట్టిన పసిబిడ్డ పేర కూడా. మనిషికి కిలోన్నర పైచిలుకు గోధుమలు, లేదా దాని ఖరీదు. ఈద్ నమాజుకు ముందే పేదవాడికి చేరాలి. నమాజు అయ్యాక ఇస్తే అది ఫిత్రా అనిపించుకోదు, మామూలు దానమే అవుతుంది. ఎందుకంటే పండుగ పూట ఆ ఇంట్లో కూడా పొయ్యి వెలగాలి. రోగులూ ప్రయాణికులూ విడిచిన ఉపవాసాలు తర్వాత ఉండొచ్చు. ముసలితనం వల్ల, నయంకాని జబ్బు వల్ల ఇక ఎప్పటికీ ఉండలేనివాళ్ళు ఒక్కో ఉపవాసానికి బదులు ఒక పేదవాడికి అన్నం పెట్టాలి.

ఇది చదివి ఎవరైనా "పాస్టరు గారు మెత్తబడ్డారు" అనుకుంటే వాళ్ళకి సూటిగా చెబుతాను. ఉపవాసం వల్ల గానీ దానం వల్ల గానీ పాపక్షమాపణ సంపాదించుకోలేమని నేను నమ్ముతాను, ప్రకటిస్తాను. సిలువలో పూర్తయిన దానికి మనం కలపగలిగింది ఏమీ లేదు. ఈ విషయంలో భాయ్‌కీ నాకూ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరమూ దాచుకోం. అక్కడ కూడా డాబు లేకపోలేదు. నాయకులు టోపీ పెట్టుకుని ఫోటోలు దిగే ఇఫ్తార్ విందులను ఆయనే విసుక్కుంటాడు. "మా రోజా కడుపుతో మొదలై కడుపుతోనే అయిపోతోంది కొంతమందికి" అన్నాడు. మన క్రిస్మస్ స్టేజీల మీద చీరలు పంచే ఫోటోలు గుర్తొచ్చి నేనేం మాట్లాడలేదు.

అయితే నాకు తెలియాల్సింది ఇది: కృపను నమ్మిన మన ఇంట్లో పేదవాడి వాటా ఎక్కడ రాసి ఉంది?

పోయిన సంవత్సరం ఉపవాస ప్రార్థనల కానుకల పుస్తకం తీశాను. కోశాధికారి అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, ఒక్క రూపాయి తేడా లేదు. మైకు సెట్టు అద్దె. షామియానా. ప్రసంగీకుల ప్రయాణ ఖర్చులు, శాలువాలు. కీబోర్డు వాయించిన తమ్ముడికి. చివరి రోజు ప్రేమవిందు, కోడికూర. మిగిలింది మందిర ప్రహరీ గోడ నిధికి. బీదలకు అన్న పద్దు లేదు. ఎవరూ తినలేదు, ఎవరూ దొంగిలించలేదు. పద్దు లేదు, అంతే. ఆ పుస్తకం కింద ప్రతి నెలా సరిచూశాను అని సంతకం పెట్టింది నేనే.

దశమభాగం గురించి నేను చాలాసార్లు ప్రసంగించాను. మలాకీ 3వ అధ్యాయం నాకు కంఠతా వచ్చు, మీకు కూడా వచ్చే ఉంటుంది నా పుణ్యమా అని. జకాత్ నలభయ్యో వంతు, మనది పదో వంతు, మనమే ఎక్కువ ఇస్తున్నాం అని ఒకసారి గొప్పగా కూడా అన్నాను. కానీ ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం చివర ఏముందో చూడండి. మూడేళ్ళకోసారి ఆ సంవత్సరపు పదో వంతు ఊరి గుమ్మాల దగ్గరే ఉంచాలి. లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు వచ్చి తిని తృప్తి పొందాలి. నలుగురు. నేను లేవీయుడి పేరు దగ్గర చదవడం ఆపేశాను. ఆ పేరు నాది కాబట్టి.

ఉపవాసానికీ దానానికీ ముడి ముస్లింలు మాత్రమే వేశారని అనుకుంటే అది కూడా పొరపాటే. మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు ధర్మం, ప్రార్థన, ఉపవాసం, ఈ మూడింటి గురించి ఒకే బోధలో చెప్పాడు. చేస్తే అనలేదు, చేసేటప్పుడు ఎలా చేయాలో చెప్పాడు. మూడూ చేస్తారన్నది ఆయన అనుకున్న మాట. మనం ప్రార్థనను ఉంచుకున్నాం, ఉపవాసాన్ని శ్రమల కాలానికి ఉంచుకున్నాం, ధర్మాన్ని గవర్నమెంటుకు వదిలేశాం.

బైబిలు కళాశాలలో సంఘ చరిత్ర పాఠంలో ఏథెన్సుకు చెందిన అరిస్తీదు గురించి చదివాను. రెండో శతాబ్దంలో ఆయన క్రైస్తవుల తరఫున రోమా చక్రవర్తికి ఒక విజ్ఞాపన రాశాడు. క్రైస్తవులు ఎలాంటివాళ్ళో అందులో వర్ణిస్తూ, తమలో ఒక పేదవాడు ఆకలితో ఉండి, ఇవ్వడానికి తమ దగ్గర మిగులు లేకపోతే, వాళ్ళు రెండు మూడు రోజులు తామే ఉపవాసం ఉండి ఆ భోజనం అతనికి ఇస్తారని చెబుతాడు. దాదాపు ఆ రోజుల్లోనే రోమాలో హెర్మా రాసిన గ్రంథంలో ఇంకా స్పష్టంగా ఉంది. ఉపవాసం ఉన్న రోజు రొట్టె, నీళ్ళే తీసుకుని, ఆ రోజు తినాల్సిన భోజనం ఖరీదెంతో లెక్కగట్టి, దాన్ని విధవరాలికో తండ్రిలేనివాడికో లేమిలో ఉన్నవాడికో ఇవ్వాలి. లెక్కగట్టి! పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది, నాకు మంచి మార్కులే పడ్డాయి. డిప్లొమా పటం కట్టించి గోడకు తగిలించాను. జవాబు మాత్రం పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చాను.

అంత దూరం ఎందుకు, మన ప్రాంతమే చూడండి. దుమ్ముగూడెంలో కోయల మధ్య సువార్త పని 1860లలో మొదలైంది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు క్రైస్తవ దానం గురించి పుస్తకమే రాశారు. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ ఆయన. తన సంఘాల్లో ఎక్కువమంది కూలీలు, మాల మాదిగలు. పేదవాళ్ళు కాబట్టి వాళ్ళని ఇవ్వమని అడగకూడదని ఆయన అనుకోలేదు. దోర్నకల్ కెథడ్రల్ చూసినవాళ్ళకి తెలుసు, దాని గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, స్తంభాలు గుడిని తలపిస్తాయి. కావాలనే అలా కట్టారు.

మా అమ్మ ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ మందిరానికి వెళ్ళేది. మన తెలుగు సంఘాల్లో పాతవాళ్ళందరికీ ఈ పిడికెడు బియ్యం తెలుసు. బియ్యం కొలిచి పొయ్యి మీద పెట్టిన రోజుల్లో చేయి ఆగేది. కుక్కర్లు వచ్చాక, కానుక కవరు వచ్చాక, ఇప్పుడు క్యూ.ఆర్. కోడు వచ్చాక, ఆ చేయి ఎక్కడా ఆగడం లేదు. ఫోను చప్పుడు చేస్తుంది, అయిపోతుంది. నేను కోడుకు వ్యతిరేకిని కాదు, మందిరం గోడకి అంటించింది నేనే.

ఒక తమ్ముడు గ్రూపులో రాశాడు: "మనం ధర్మశాస్త్రం కింద లేము, ప్రేమతో ఇస్తాం, బలవంతం లేదు." నిజమే, పౌలు కొరింథీయులకు అదే చెప్పాడు, ఉత్సాహంగా ఇచ్చేవాడే కావాలన్నాడు. కానీ అదే పత్రికలో అంతకు ముందు అధ్యాయంలో ఎవరి మాదిరి చూపించాడు? నిరుపేదలైన మాసిదోనియ సంఘాలది. శక్తికి మించి ఇచ్చి, ఇంకా ఇవ్వనివ్వండి అని బతిమాలినవాళ్ళు. కృప కింద ఉన్నవాడు ధర్మశాస్త్రం కింద ఉన్నవాడికంటే ఎక్కువ ఇవ్వాలి. తక్కువ ఇచ్చి కృప అనడం తమ్ముడూ, అది నాకు భయంగా ఉంది. బలవంతం లేదు కాబట్టి లెక్క కూడా లేదు, లెక్క లేదు కాబట్టి గురువారం ఎవరు పస్తున్నారో కూడా తెలియదు.

ఇంకొకరు రాశారు: "మనకు వాళ్ళతో పోలిక ఎందుకు?" అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయం చదవండి. కొర్నేలి సువార్త వినకముందే, పేతురు అతని గడప తొక్కకముందే, అతని ధర్మకార్యాలు దేవుని సన్నిధికి జ్ఞాపకార్థంగా చేరాయని దూత చెప్పాడు. ఆ ఇంటికి వెళ్ళడానికి సంకోచించింది పేతురే. పైగా మన ఖమ్మంలోనే, 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయినప్పుడు ఎవరు వెళ్ళారు? హర్యానా నుంచి పని కోసం వచ్చిన ఒక జేసీబీ డ్రైవరు, ముస్లిం సోదరుడు. పోతే నా ఒక్కడి ప్రాణమే కదా అనుకుని ఆ వరదలోకి బండి తోలాడు, తొమ్మిది మందినీ తెచ్చాడు. మంచి సమరయుని ఉపమానం ప్రభువు ఎవరి జవాబుగా చెప్పాడు? నా పొరుగువాడెవడు అని అడిగిన ధర్మశాస్త్రోపదేశకుడికి. ప్రశ్న అడిగింది మనలాంటివాడే.

2025లో మన భద్రాద్రి ప్రాంతంలో ఒక అరుదైన వరుస వచ్చింది. రంజాను ఉపవాసాలు మార్చి 2న మొదలైతే మన భస్మ బుధవారం మార్చి 5న వచ్చింది. ఒకే ఎండలో రెండు ఉపవాసాలు. ఈద్ మార్చి 31న, శ్రీరామనవమి కళ్యాణం ఏప్రిల్ 6న అయ్యాయి. మన శుభ శుక్రవారం ఏప్రిల్ 18, ఈస్టరు 20. కళ్యాణానికి ముత్యాల తలంబ్రాలు ప్రభుత్వం తరఫున వస్తాయి కదా, ఆ ఆనవాయితీ గోల్కొండ తానీషా నాటిదని చెబుతారు. తానీషా పేరు చెప్పగానే రామదాసును చెరసాలలో పెట్టిన సంగతే మనకు గుర్తొస్తుంది, అదీ నిజమే. కానీ ఇప్పటికీ ఏటేటా ముత్యాలు వస్తూనే ఉన్నాయి. ఈ అడవి అంచున ఒకరి చేతిలోంచి ఒకరి ఇంటికి వెళ్ళిన వస్తువులు చాలా ఉన్నాయి. బియ్యం బస్తా మొదటిది కాదు.

ఇప్పుడు పెద్దలతో కూర్చుని అనుకున్న సంగతి చెబుతాను. రెండు రాత్రులు మాట్లాడుకున్నాం. సులువుగా కుదరలేదు. ప్రహరీ గోడ ఆగిపోతుందని ఒకరు, ఇదొకటి మొదలుపెడితే ఊళ్ళో అందరూ క్యూ కడతారని ఒకరు. గోడ ఆగుతుంది, నిజం. ఈ సంవత్సరానికి ఆగుతుంది.

ఏప్రిల్ 4 శుక్రవారం నుంచి మందిరంలో బల్ల పక్కన ఒక రేకు డబ్బా పెట్టాం. ఉపవాసం ఉన్నవాళ్ళు ఆ రోజు తమ ఇంట్లో ఆ పూటలకి పట్టే బియ్యం, లేదా దాని ఖరీదు, అందులో వేయాలి. ఉండలేనివాళ్ళు, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు, బాలింతలు, ఉపవాసం ఉండకండి, వైద్యుడు చెప్పిన ప్రకారం తినండి. మీకు వీలైతే ఒక మనిషి భోజనం అందులో వేయండి. వీలుకాకపోతే వేయకండి. ఈ సంవత్సరం ప్రేమవిందు లేదు. కోడికూర కోసం ఎదురుచూసిన పిల్లలకి నేనే క్షమాపణ చెప్పుకుంటాను.

డబ్బాలో పడింది ఈస్టరు తర్వాత పంచడం కాదు. శుభ శుక్రవారానికి ముందు రోజు, 17వ తేదీ రాత్రికల్లా ఇళ్ళకు చేరిపోవాలి. ఈ ఆలోచన ఎక్కడిదో మీకు తెలుసు, దాచను. పండుగ ఉదయం ఏ ఇంట్లోనూ పొయ్యి చల్లగా ఉండకూడదు. సంఘంలో ఉన్నవాళ్ళకే అని గీత పెట్టలేదు. మన వీధి చివర గుత్తికోయల గుడిసెలు ఉన్నాయి, ఛత్తీస్‌గఢ్ నుంచి మిరప ఏరడానికి వచ్చి పని లేక ఆగిపోయిన కుటుంబాలు ఉన్నాయి. పరదేశి అన్న మాట ద్వితీయోపదేశకాండములో ఎవరి గురించి రాశారో వెతకడానికి నిఘంటువు అక్కర్లేదు.

పేర్లు మైకులో చదవం. ఎవరు వేశారో, ఎవరు తీసుకున్నారో రాయం. ఇళ్ళ జాబితా నా దగ్గర కూడా ఉండదు, అమ్మగారి దగ్గర, ఇంకో ఇద్దరు అక్కల దగ్గర ఉంటుంది. ఆడవాళ్ళకే తెలుస్తుంది ఏ ఇంట్లో గురువారం పొయ్యి వెలగలేదో. పంచడం చీకటి పడ్డాక. ఫోటోలు వద్దు. యువకులు ఈ మాట ప్రత్యేకంగా గమనించాలి. బండి కావాలని కిరాణా కొట్టు భాయ్‌ని అడిగాను. ట్రాలీ ఆటో ఇస్తానన్నాడు, డీజిలు డబ్బులు తీసుకోనన్నాడు. తీసుకోవాలని పట్టుబట్టాను. ఇంకా తేలలేదు.

మొదటి శుక్రవారం రాత్రి డబ్బా తూచాం, పదకొండు కిలోల పైన ఉంది. రెండు మూడు రకాల బియ్యం కలిసిపోయాయి, వండితే ఒకటి ఉడికి ఒకటి ఉడకదని అక్కలు గొణిగారు. ఈ వారం నుంచి దొడ్డు బియ్యం ఒక సంచిలో, సన్న బియ్యం ఒక సంచిలో వేయండి. ఇప్పుడు రేషన్లో సన్న బియ్యం వస్తున్నాయి కాబట్టి అవి ఉన్నవాళ్ళు అవే వేయండి. మనం తినేది వేయాలి.

ఆ సహోదరి కూడా వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక పిడికెడు వేసింది. నేను వద్దనబోయాను. అమ్మగారు నా చేయి పట్టుకుని ఆపింది.